హోదా అన్న గడి

మొదటి ప్రతిపాదన రెండు పేజీలు.
డీన్ గారు కళ్లజోడు నుదుటి మీదికి తోసి
"సముద్రపు ఒడ్డు ఎవరిది?" అన్న శీర్షిక కింద
పెన్ను ఆనించి కాసేపు ఆగారు.
"ప్రశ్నలా ఉందమ్మా, సదస్సులా లేదు."

రెండో ప్రతిపాదనలో ప్రశ్నార్థకం తీసేశాను.
మూడోదానిలో సముద్రమే లేదు.
"తీరప్రాంత నియంత్రణ: సమకాలీన న్యాయ దృక్పథాలు"
సంతకం పడింది.

ఇక నేను పాఠం చెప్పే మనిషిని కాను,
పెళ్లిపెద్దని.
నూట ఇరవై మందికి టీ, తలకు రెండు బిస్కెట్లు
(మూడైతే ఆడిట్ అడుగుతుంది),
శాలువాలు ఐదు, జ్ఞాపికలు ఐదు,
ముఖ్య అతిథికి ఏసీ గది, వెనక తలుపున్నది.

మద్దిలపాలెం ప్రెస్సులో
న్యాయానికి యవత్తు ఊడిపోయింది.
మూడు వందల ఆహ్వానాల మీద "నాయం".
మూడో ఏడాది కుర్రాడు భార్గవరాముడు
హాస్టల్ మెట్ల మీద కూర్చుని
తెల్లారేదాకా నల్లపెన్నుతో న్యాయం దిద్దాడు.
రెండు వందల తొంభై తొమ్మిది దిద్దాడు.
ఒకటి నా సంచిలో ఉండిపోయింది.

వక్తల పట్టికలో ఐదో పేరు దాకా అందరికీ
పేరుకన్నా హోదా పొడుగు.
ఆరో పేరు నేను రాశాను:
తెడ్డు పోలమ్మ, పెదజాలరిపేట.
"హోదా గడి ఖాళీగా ఉంటే
సాఫ్ట్‌వేర్ ముందుకెళ్లదు మేడమ్,
గృహిణి అని కొట్టేయనా?" అన్నాడు గుమస్తా.

ఫోన్ చేశాను. వెనకాల ఐసు కొడుతున్న చప్పుడు.
"హోదా అంటే ఏటమ్మా?"
"మీరేం చేస్తారని."
"ఏటి సేత్తాను, ఒడ్డునుంటాను."

పదమూడేళ్లుగా స్వాధీనానుభవం మీద
బోర్డు నిండా సుద్దముక్క అరగదీశాను.
ఇంత పొట్టిగా ఎప్పుడూ చెప్పలేకపోయాను.
"ఒడ్డున ఉంటారు" అని కొట్టించాను.
సాఫ్ట్‌వేర్ ఒప్పుకుంది.

పత్రసారాంశం మూడు వందల మాటలకు మించరాదన్నాను.
"అన్నెందుకమ్మా?
రేవుకాడ బోటుడు చేప
పది మాటల్లోన అమ్ముడైపోద్ది."

ఆ రోజు ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యం.
జ్యోతి మూడుసార్లు ఆరింది, ఫ్యాను ఆపాలని ఎవరికీ తోచలేదు.
పోలమ్మ తొమ్మిదింటి నుంచీ వెనక వరసలో,
ఉతికిన చీర, అయినా వదలని ఉప్పుచేప వాసన,
అటూ ఇటూ రెండేసి కుర్చీలు ఖాళీ.
పదిహేను నిమిషాల ప్రసంగం
తగ్గి తగ్గి నాలుగయింది.

తెర మీద ముందు వక్త వదిలేసిన పటం,
ఆటుపోటు గరిష్ఠ రేఖ, ఎర్రగా, నిటారుగా.
ఆవిడ మైకు పట్టుకోలేదు. పటం దగ్గరికెళ్లింది.
గీత మీద వేలు పెట్టింది.

"ఇది గీసినోడు
అమాసకొచ్చినాడా, అష్టమికొచ్చినాడా?
సంద్రం రెండ్రోజులు ఒక్కకాడ కూకోదు గదా బావూ.
ఏ తిథినాడు కొలిసినారో సెప్తే
మా ఇల్లు ఇటో అటో నానే సెప్తాను.
అదీ నాయం."

విశ్రాంత న్యాయమూర్తి కలం మూత తీశారు.
వేదిక మీద ఒకాయన పటాన్ని
అప్పుడే చూస్తున్నట్టు చూశాడు.
సమయపాలన పిల్ల భయపడుతూనే గంట కొట్టింది.
"ఏలం అయిపోనాది" అని నవ్వి
పోలమ్మ వెళ్లి కూర్చుంది.
జవాబు ఎవరూ చెప్పలేదు. టీ వచ్చింది.

శాలువా తక్కువైంది.
నాది ఇచ్చాను, ఇస్త్రీ లేనిది.
చుట్టి తలమీద పెట్టి చూసుకుంది,
"సుట్టకుదురుకి బాగుంటాది."

జూన్‌లో ఆడిట్ వచ్చింది.
మూడో బిస్కెట్ దొరకలేదు వాళ్లకి.
ఆటో ఖర్చు నూట నలభై దొరికింది, రసీదు లేకుండా.
సంచీ అడుగున వెతికి
దిద్దని ఆ ఒక్క ఆహ్వానం తీసి
వెనక్కి తిప్పి ఫైలుకి కుట్టాను.
ఆ సాయంత్రం గేటు దగ్గర
ఒక్కో అక్షరానికీ ఆగి ఆవిడ రాసినది:

నూట నలబై ముట్టినాయి.
పోలమ్మ,
ఒడ్డు.